కాస్పేస్-8: చంపే ఎంజైమ్‌ను ఆపితే చావులు ఎందుకు పెరుగుతాయి?

మీ ప్రశ్నను ముందుగా నా మాటల్లో చెప్పుకుంటాను. కాస్పేస్-8 కణాన్ని చంపే ఎంజైమ్ అని పాఠ్యపుస్తకంలో చదువుకున్నారు. పెద్దపేగు క్యాన్సర్ నుంచి వచ్చిన హెచ్‌టీ-29 కణాలకు టీఎన్‌ఎఫ్ (వాపు రేపే సంకేత ప్రోటీన్), స్మాక్ మిమెటిక్ (కణాన్ని బతికించే దారిని మూసే మందు) కలిపి ఇచ్చి, ఆ చావును ఆపడానికి కాస్పేస్ నిరోధకమైన జడ్‌వాడ్ వేస్తే, చావు తగ్గకపోగా ఇంకా ఎక్కువైంది. చర్మంలోనో పేగులోనో మాత్రం ఈ ఎంజైమ్ జన్యువును తీసేసిన ఎలుకల్లో ఆ భాగం వాచిపోయిందని కూడా చదివారు. చంపేదే లేనప్పుడు చావులు, వాపులు ఎలా పెరుగుతాయన్నది మీ సందేహం.

మీ ప్రయోగంలో పొరపాటేమీ లేదు. పుస్తకం చెప్పినదీ అబద్ధం కాదు, కానీ అది సగం మాటే. కాస్పేస్-8 కణాన్ని చంపగలదు. అయితే అంతకంటే తరచుగా అది చేసే పని, వేరొక రకం చావు మొదలుకాకుండా ఆపి ఉంచడం. చెరువుకు తూము ఉంటుంది, కట్ట ఉంటుంది. తూము ఎత్తితే నీరు కాలువ వెంట పద్ధతిగా పోతుంది. కట్టకు గండి పడితే అదే నీరు ఊరి మీద పడుతుంది. కాస్పేస్-8ను తూము దగ్గరి నీరటిగా ఊహించుకోండి. తూము ఎత్తేవాడూ అతనే, కట్ట మీద తిరుగుతూ బుంగలు పూడ్చేవాడూ అతనే. మీరు జడ్‌వాడ్‌తో అతన్ని ఇంటికి పంపించేశారు.

కాస్పేస్-8 ఒక ప్రోటియేజ్, అంటే ప్రోటీన్‌లను కోసే ఎంజైమ్. ప్రోటియేజ్ అనగానే జీర్ణాశయంలోని పెప్సిన్, పేగులోని ట్రిప్సిన్ గుర్తుకొస్తాయి. అవి ఎదురైన ప్రోటీన్‌నల్లా తునకలు చేస్తాయి. కాస్పేస్‌లు ఆ కోవకు చెందవు. వీటిలో కోత పని చేసేది సిస్టీన్ అనే అమైనో ఆమ్లం. కోసేది మాత్రం ఎదుటి ప్రోటీన్‌లో ఆస్పార్టిక్ ఆమ్లాన్ని ఆనుకుని ఉన్న బంధాన్ని. ఆ రెండింటి పేర్లు కలిపి కట్టినదే కాస్పేస్ అన్న మాట. ఒక ప్రోటీన్‌లో ఎన్ని ఆస్పార్టిక్ ఆమ్లాలున్నా, చుట్టుపక్కల అమైనో ఆమ్లాల వరుస నచ్చిన ఒకటి రెండు చోట్లే ఇవి కోస్తాయి. కోత పడిన ప్రోటీన్ సాధారణంగా జీర్ణమైపోదు, దాని పని మారుతుంది: కొన్ని ఆ కోతతోనే మేల్కొంటాయి, కొన్ని మూగబోతాయి. ఇక్కడ జరిగేదంతా ఈ ఒక్క తేడా మీదే నడుస్తుంది కనుక దీన్ని మనసులో ఉంచుకోండి.

కాస్పేస్-8ను 1996లో మిషిగన్ విశ్వవిద్యాలయంలోని విశ్వ దీక్షిత్ బృందం, ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థకు చెందిన డేవిడ్ వాలాక్ బృందం విడివిడిగా కనుగొని, ఒకరు ఫ్లైస్ అనీ మరొకరు మాక్ అనీ పేరు పెట్టారు. పాత వ్యాసాల్లో ఆ పేర్లు ఎదురైతే తికమకపడకండి. మనిషిలో ఇది 479 అమైనో ఆమ్లాల పొడవుంటుంది. దీని ముందు భాగంలో, ఇతర ప్రోటీన్‌లకు అతుక్కోవడానికి పనికొచ్చే డెత్ ఎఫెక్టర్ డొమైన్‌లు రెండు ఉంటాయి. కణం పై పొరలో ఉండే ఫాస్ లాంటి రిసెప్టర్‌కు (సంకేతాన్ని అందుకునే ప్రోటీన్‌కు) బయటి నుంచి సంకేతం తగలగానే దాని లోపలి కొసకు ఫాడ్ అనే ప్రోటీన్ అతుక్కుంటుంది. ఫాడ్‌కు ఒక కాస్పేస్-8, దానికి మరొకటి, అలా గొలుసు కట్టుకుంటూ పోతాయి. విడిగా తిరిగేటప్పుడు దాదాపు పనిచేయని ఈ ఎంజైమ్, పక్కనే ఇంకొకటి జతపడగానే చురుకు తెచ్చుకుని, తనను తానే కోసుకుని స్థిరపడుతుంది. ప్రోటీన్‌లను పరిమాణాన్ని బట్టి విడదీసి పట్టీలుగా చూపే వెస్టర్న్ బ్లాట్‌లో 55 కిలోడాల్టన్‌ల దగ్గరున్న పట్టీ పలచబడి, 43, 41 దగ్గర ఒక జంట, ఇంకా కిందికి 18 దగ్గర సన్నని పట్టీ కనబడటం దీని గుర్తే. 43–41 జంట కనబడగానే కణం చనిపోయిందని రాసేసేవాళ్లున్నారు. అది తొందరపాటు. ఎందుకో కింద వస్తుంది.

చురుకెక్కిన కాస్పేస్-8 ఆ తర్వాత కాస్పేస్-3ను, కాస్పేస్-7ను కోసి లేపుతుంది. కాలేయ కణాల లాంటి వాటిలో ఈ నేరుదారి చాలదు. అక్కడ అది బిడ్ అనే ప్రోటీన్‌ను కోసి, ఆ ముక్క ద్వారా మైటోకాండ్రియాకు కబురు పంపుతుంది. ఈ దారులు రెండూ చేర్చేది అపాప్టోసిస్ అనే పద్ధతిగా జరిగే చావుకే. ఇదంతా మీ పుస్తకంలో ఉన్నదే, కాబట్టి విడిచిపెడుతున్నాను.

పుస్తకం సాధారణంగా నొక్కి చెప్పనిది, రెండు చావులకు మధ్య కంటికి కనబడే తేడా. వీలైతే ఒక రాత్రి సూక్ష్మదర్శిని ముందు కూర్చుని చూడండి. అపాప్టోసిస్‌లో కణం ముడుచుకుంటుంది, ఉపరితలం మీద బొబ్బలు లేచినట్టు ఉడుకుతుంది, కేంద్రకం చిక్కబడి ముక్కలవుతుంది. కానీ చాలాసేపటి వరకు పై పొర చిరగదు. లోపలి వైపు ఉండవలసిన ఫాస్ఫాటిడైల్‌సెరీన్ అనే కొవ్వు పదార్థం బయటికి తిరిగి, పక్కనున్న మాక్రోఫేజ్‌లకు (చెత్తను మింగే రోగనిరోధక కణాలకు) ‘నన్ను తీసుకుపోండి’ అన్న గుర్తుగా నిలుస్తుంది. మూటకట్టిన ఆ ముక్కలను అవి మింగేస్తాయి, ఇరుగుపొరుగుకు తెలియను కూడా తెలియదు. కాస్పేస్-8 ఆపి ఉంచే వేరొక చావు అని పైన అన్నది నెక్రోప్టోసిస్. అందులో దీనికి పూర్తిగా విరుద్ధం. కణం ఉబ్బుతుంది, పారదర్శకమవుతుంది, కేంద్రకం గుండ్రంగా అలాగే ఉండగా పై పొర పటుక్కున పగులుతుంది. లోపలి ఏటీపీ, హెచ్‌ఎంజీబీ1, ఐఎల్-1ఆల్ఫా, ఐఎల్-33 లాంటివన్నీ కణజాలంలోకి ఒలికిపోతాయి. రోగనిరోధక వ్యవస్థ వీటిని ప్రమాద సంకేతాలుగా చదువుతుంది. ఎరుపు, వేడి, వాపు, నొప్పి అని మనం చెప్పుకునే ఇన్‌ఫ్లమేషన్ అక్కడి నుంచి రాజుకుంటుంది.

ఈ రెండో చావును నడిపించేవి మూడు ప్రోటీన్‌లు: ఆర్‌ఐపీకే1, ఆర్‌ఐపీకే3, ఎంఎల్‌కేఎల్. మొదటిది రెండోదాన్ని పట్టుకుంటుంది, రెండోది మూడోదానికి ఫాస్ఫేట్ తగిలిస్తుంది, ఫాస్ఫేట్ తగిలిన ఎంఎల్‌కేఎల్ గుంపుకట్టి పై పొరకు చేరి దాన్ని పగలగొడుతుంది. నెక్రోప్టోసిస్ అన్న పేరు 2005లో వచ్చింది. ఆర్‌ఐపీకే3 పాత్ర 2009లో, ఎంఎల్‌కేఎల్ పాత్ర 2012లో తేలాయి. ఈ క్రమం ఎందుకు చెబుతున్నానంటే, కాస్పేస్-8 గురించిన అసలు పజిల్ అంతకు చాలా ముందే, 1998లోనే, అందరి ముందూ ఉంది.

ఆ ఏడాది వాలాక్ బృందం కాస్పేస్-8 జన్యువును తీసేసిన ఎలుకలను తయారుచేసింది. చంపే ఎంజైమ్ లేదు కాబట్టి చావవలసిన కణాలు మిగిలిపోయి, ఎక్కడో అదనపు కణజాలం పెరుగుతుందని అనుకోవడం సహజం. ఫాస్ సంకేతానికి ఆ కణాలు చావకపోవడం అనుకున్నట్టే జరిగింది. కానీ ఎలుకలు అసలు పుట్టనే లేదు. సుమారు 20 రోజుల గర్భంలో 11వ రోజు ప్రాంతంలో, గుండె కండరం సరిగ్గా ఏర్పడక, రక్తం ఎక్కడికక్కడ పేరుకుని, పిండాలన్నీ చనిపోయాయి. అంటే ఈ ఎంజైమ్‌కు బతికించే పని కూడా ఏదో ఉందని అప్పుడే అర్థమైంది. ఆ పని ఏమిటో తెలియడానికి పదమూడేళ్లు పట్టింది.

జవాబు 2011లో వచ్చింది. కాస్పేస్-8తో పాటు ఆర్‌ఐపీకే3 జన్యువును కూడా తీసేస్తే ఆ ఎలుకలు పుట్టాయి, పెరిగాయి, పిల్లలను కన్నాయి. ఎడ్వర్డ్ మొకార్‌స్కీ, డగ్లస్ గ్రీన్ బృందాలు రెండూ ఒకేసారి ఈ ఫలితాన్ని చూపించాయి. ఇన్నేళ్లలో నేను చూసిన జన్యు ప్రయోగాల్లో ఇంత ముచ్చటైనవి కొన్నే. పిండాన్ని చంపినది కాస్పేస్-8 లేకపోవడం కాదు, అది లేనప్పుడు విచ్చలవిడిగా సాగిన ఆర్‌ఐపీకే3. ఇంకో విశేషం కూడా అదే ఎలుకలో ఉంది: వయసు పెరిగేకొద్దీ వాటి లింఫ్ గ్రంథులు, ప్లీహం ఉబ్బిపోయాయి, ఎందుకంటే ఫాస్ దారిలో చావవలసిన లింఫోసైట్లు చావలేదు. పాఠ్యపుస్తకం చెప్పే చంపే పనికీ, చెప్పని కాపాడే పనికీ సాక్ష్యం ఒక్క ఎలుకలోనే దొరికింది.

మరి కాపాడేది ఎలా? కోతతోనే. కాస్పేస్-8 ఆర్‌ఐపీకే1ను, ఆర్‌ఐపీకే3ను, సిల్డ్ అనే మరో ప్రోటీన్‌ను కోసి, నెక్రోప్టోసిస్ యంత్రం కూడకముందే విడగొడుతుంది. ఇక్కడ సి-ఫ్లిప్ అనే ప్రోటీన్ గురించి చెప్పాలి. అది చూడటానికి కాస్పేస్-8కు తోబుట్టువులా ఉంటుంది, కానీ దానికి కోసే సిస్టీన్ లేదు. రెండు కాస్పేస్-8లు జతకడితే పూర్తి చురుకు వచ్చి కణం చస్తుంది. ఒక కాస్పేస్-8, ఒక పొడవైన సి-ఫ్లిప్ జతకడితే పరిమితమైన చురుకు మాత్రమే వస్తుంది. కణాన్ని చంపడానికి అది చాలదు, కానీ పక్కనే ఉన్న ఆర్‌ఐపీకే1ను కోయడానికి సరిపోతుంది. ఒకే ఎంజైమ్ సంకేతాన్ని బట్టి, జతను బట్టి, చురుకు మోతాదును బట్టి రెండు పనులు చేయడం ఇలా సాధ్యమైంది. ఆరోగ్యంగా బతికి ఉన్న కణంలో కూడా 43–41 జంట కనబడవచ్చని పైన అన్నది ఇందుకే.

ఈ కోత మనుషుల్లో ఎంత ముఖ్యమో 2020లో తెలిసింది. ఆర్‌ఐపీకే1లో కాస్పేస్-8 కోసే చోటు 324వ స్థానంలోని ఆస్పార్టిక్ ఆమ్లం. కొన్ని కుటుంబాల్లో ఆ ఒక్క అమైనో ఆమ్లం మారిపోయింది. కాస్పేస్-8 బాగానే ఉంది, ఆర్‌ఐపీకే1 కూడా ఉంది, కత్తి పడవలసిన చోటే లేదు. ఆ కుటుంబాల్లోని వారికి చిన్నతనం నుంచే ఏ ఇన్‌ఫెక్షనూ లేకుండా మళ్లీమళ్లీ జ్వరాలు, లింఫ్ గ్రంథుల వాపులు వచ్చాయి. వాళ్ల కణాలను పరిశీలిస్తే నెక్రోప్టోసిస్ ఒక్కటే కాదు, కాస్పేస్-8 స్వయంగా చేసే అపాప్టోసిస్ కూడా సులువుగా మొదలవుతోంది. అంటే ఈ ఒక్క కోత రెండు చావులకూ అడ్డుకట్టే. ఈ వ్యాధికి క్రియా (సీఆర్‌ఐఏ) సిండ్రోమ్ అని పేరు పెట్టారు. కాస్పేస్-8 జన్యువులోనే లోపమున్న పిల్లలూ ఉన్నారు. 2002లో తొలిసారి వర్ణించిన కుటుంబంలో తోబుట్టువులకు లింఫ్ గ్రంథుల వాపుతో పాటు తరచూ ఇన్‌ఫెక్షన్‌లు వచ్చాయి. తర్వాతి కాలంలో పసితనంలోనే తీవ్రమైన పేగు వాపుతో బయటపడిన పిల్లలను గుర్తించారు.

పేగు, చర్మం పేర్లే పదేపదే వినబడటం యాదృచ్ఛికం కాదు. ఎలుకల చర్మం పై పొరలో మాత్రమే కాస్పేస్-8ను తీసేస్తే చర్మం దీర్ఘకాలికంగా వాచిపోతుందని 2009లో, పేగు లోపలి పొరలో మాత్రమే తీసేస్తే చిన్నపేగు చివరి భాగంలో, సూక్ష్మజీవులను చంపే పదార్థాలను స్రవించే పానెత్ కణాలు నశించి అక్కడ వాపు వస్తుందని 2011లో వచ్చిన పరిశోధనలు చూపాయి. ఈ రెండూ బయటి ప్రపంచానికి సరిహద్దు పొరలు. సూక్ష్మజీవుల తాకిడి నిరంతరం ఉండే చోట టీఎన్‌ఎఫ్ ఎప్పుడూ ఎంతో కొంత ఉంటుంది కనుక, కాపలా తప్పుకున్న మరుక్షణమే తేడా తెలుస్తుంది.

ఇంత ప్రమాదకరమైన చావును కణం అసలు ఎందుకు దాచి పెట్టుకుంది అని మీరు అడగవచ్చు. వైరస్‌ల వల్ల అన్నది నాకు సబబుగా తోచే సమాధానం. ఇన్‌ఫెక్షన్ సోకిన కణం అపాప్టోసిస్‌తో చస్తే వైరస్ సంతతి పెరగదు. అందుకే కొన్ని వైరస్‌లు కాస్పేస్-8ను కట్టిపడేసే ప్రోటీన్‌లను తయారుచేసుకున్నాయి. కౌపాక్స్ వైరస్‌కు సీఆర్‌ఎంఏ ఉంది, సైటోమెగలో వైరస్‌కు వైకా ఉంది. అయితే కాస్పేస్-8ను కట్టేయగానే, మీ జడ్‌వాడ్ చేసినట్టే, ఆర్‌ఐపీకే3 లేస్తుంది. నీరటిని కట్టేసిన దొంగకు గండి ఎదురైనట్టు! ఎలుక సైటోమెగలో వైరస్ ఆ గండికి కూడా ముందే మందు తెచ్చుకుంది. దాని ఎం45 ప్రోటీన్ ఆర్‌ఐపీకే3ను అడ్డుకుంటుంది. ఆర్‌ఐపీకే3 లేని ఎలుకలు వాక్సీనియా వైరస్‌కు తట్టుకోలేకపోవడం కూడా ఈ వాదనకే బలం ఇస్తుంది.

ఇంతవరకు చెప్పినది వింటే కాస్పేస్-8 ఇన్‌ఫ్లమేషన్‌ను అణచే ఎంజైమ్ అని తేల్చేయాలనిపిస్తుంది. అది కూడా సగం మాటే. ప్లేగు బ్యాక్టీరియా కుటుంబమైన యెర్సీనియా, యాప్-జే అనే ప్రోటీన్‌తో మాక్రోఫేజ్‌లోని టాక్1 అనే కైనేజ్‌ను (ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్‌ను) నిలిపేసి రోగనిరోధక సంకేతాలను మూయాలని చూస్తుంది. అప్పుడు కాస్పేస్-8 లేచి గ్యాస్‌డెర్మిన్-డిని కోస్తుందని 2018లో తేలింది. గ్యాస్‌డెర్మిన్-డి ముందు భాగం విడివడగానే పై పొరలో రంధ్రాలు పొడుస్తుంది. మామూలుగా ఈ కోత కాస్పేస్-1, దాని దగ్గరి బంధువులు చేసేది, ఆ చావు పేరు పైరోప్టోసిస్. ఇన్‌ఫ్లమేషన్ రేపే ఐఎల్-1బీటాను పరిపక్వం చేసే కోతను కూడా కొన్ని పరిస్థితుల్లో కాస్పేస్-8 నేరుగా చేస్తుంది. అంటే ఇన్‌ఫ్లమేషన్‌ను ఆపే కత్తే సందర్భం మారితే దాన్ని రగిలిస్తుంది.

ఇంకో చిక్కుముడి 2019లో విప్పారు. ఎంజైమ్‌ను పూర్తిగా తీసేయకుండా, కోసే సిస్టీన్‌ను మాత్రమే మార్చి, కోతలేని కాస్పేస్-8 ఉన్న ఎలుకలను తయారుచేశారు. అవీ పిండదశలోనే చనిపోయాయి. ఎంఎల్‌కేఎల్‌ను కూడా తీసేస్తే పిండదశ గట్టెక్కింది, కానీ పుట్టే సమయానికో పుట్టిన కొద్ది రోజులకో అవి పేగు దెబ్బతిని చనిపోయాయి. అసలు కాస్పేస్-8 లేకుండా ఎంఎల్‌కేఎల్ కూడా లేని ఎలుకలు మాత్రం బతుకుతాయి. అంటే కోతలేని కాస్పేస్-8 ఉండటం, అసలు లేకపోవడం కంటే హానికరం. కారణమేమిటంటే, పనిచేయని ఆ ఎంజైమ్ ఒక చట్రంలా నిలబడి పైరోప్టోసిస్ వైపు నడిపే ఏఎస్‌సీ, కాస్పేస్-1 ప్రోటీన్‌లు చేరడానికి చోటిస్తోంది. ఎంజైమ్‌ను మందుతో నిరోధించడమూ, జన్యువును తీసేయడమూ ఒకటి కావని మనకు ఇంతకంటే సూటిగా చెప్పే ప్రయోగం లేదు.

అపాప్టోసిస్, నెక్రోప్టోసిస్, పైరోప్టోసిస్ అనే ఈ మూడు చావులు ఇలా ఒకదానిలోకి ఒకటి జారుతుండటం చూసే, కొత్తగూడేనికి చెందిన, కాకతీయ, ఉస్మానియా విశ్వవిద్యాలయాల్లో చదువుకుని ఇప్పుడు మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ పరిశోధనాసుపత్రిలో పనిచేస్తున్న కన్నెగంటి తిరుమలాదేవి బృందం పాన్‌ఆప్టోసిస్ అన్న భావనను ముందుకు తెచ్చింది. ఇన్‌ఫ్లూయెంజా సోకిన కణంలో జెడ్‌బీపీ1 అనే ప్రోటీన్ చుట్టూ కాస్పేస్-8, ఆర్‌ఐపీకే3 కలిసి చేరి అన్ని చావులనూ ఒకేచోట నుంచి నడుపుతాయని వాళ్లు చూపించారు. టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ఫెరాన్-గామా కలిస్తే ఇలాంటి చావే జరుగుతుందని 2021లో కోవిడ్ సందర్భంలో వివరించారు. దీన్ని ప్రత్యేకమైన ఒక చావుగా లెక్కించాలా, లేక తెలిసిన దారుల కూడలిగా చూడాలా అన్న విషయంలో పరిశోధకుల మధ్య ఏకాభిప్రాయం లేదు. నేను కూడలి అన్న వైపే మొగ్గుతాను. ఏ పేరు పెట్టినా ఆ కూడలి మధ్యలో నిలబడి ఉన్నది కాస్పేస్-8 అన్నది మాత్రం అందరూ ఒప్పుకునేదే.

‘అయితే దీన్ని నిరోధించి మందు చేయవచ్చా’ అన్న మీ చివరి ప్రశ్నకు సమాధానం ఇప్పటికే సగం దొరికి ఉంటుంది. అన్ని కాస్పేస్‌లనూ నిరోధించే ఎమ్రికసాన్ అనే మందును ఫ్యాటీ లివర్ ముదిరి కాలేయం మచ్చకట్టిన రోగులకు 72 వారాలు ఇచ్చి చూశారు. రక్తంలో కాస్పేస్ చురుకు, కాలేయం దెబ్బతింటే పెరిగే ఏఎల్‌టీ మొదట్లో తగ్గాయి. కానీ కాలేయపు ముక్కను తీసి చూస్తే మెరుగుదల లేదు, మచ్చకట్టడం, కణాలు ఉబ్బడం కాస్త పెరిగి ఉండవచ్చనిపించింది. కణాలు వేరే చావు దారికి మళ్లి ఉంటాయని ఆ పరిశోధకులే అనుమానించారు. మీ హెచ్‌టీ-29 పళ్లెంలో ఒక రాత్రిలో జరిగినదే అక్కడ ఏడాదికి పైగా జరిగి ఉండవచ్చన్నమాట.

ఇక మీ పళ్లెం సంగతి. టీఎన్‌ఎఫ్ ఒక్కటే ఇస్తే చాలా కణాలు బతుకుతాయి, స్మాక్ మిమెటిక్ ఆ బతికించే దారిని మూసేస్తుంది, జడ్‌వాడ్ అపాప్టోసిస్‌ను మూసేస్తుంది. మిగిలింది నెక్రోప్టోసిస్ ఒక్కటే. దీన్ని నిరూపించడానికి అదే మిశ్రమానికి ఆర్‌ఐపీకే1ను నిరోధించే నెక్రోస్టాటిన్-1ఎస్ కలిపి చూడండి. పాత నెక్రోస్టాటిన్-1 ఐడీఓ అనే ఎంజైమ్‌ను కూడా తాకుతుంది కనుక ‘ఎస్’ ఉన్నదే తెప్పించుకోండి. చావు ఆగితే, ఎంఎల్‌కేఎల్‌లో 358వ సెరీన్ మీద ఫాస్ఫేట్ పడిందో లేదో బ్లాట్‌లో చూపితే సరిపోతుంది. జడ్‌వాడ్ కాథెప్సిన్‌లు అనే వేరే ప్రోటియేజ్‌లను కూడా కొంత నిరోధిస్తుంది కాబట్టి ఒక్క దాని మీదే ఆధారపడి ‘కాస్పేస్-8 వల్ల’ అని రాయకండి.

కణాల ఎంపికలో జాగ్రత్త అవసరం. పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు నేను ఇదే ప్రయోగాన్ని హీలా కణాల్లో చేసి, జడ్‌వాడ్ వేస్తే కణాలన్నీ హాయిగా బతికాయని చూసి, కాస్పేస్‌లను ఆపడం నిరపాయకరమని మూడు నెలలు నమ్మాను. హీలా కణాల్లో ఆర్‌ఐపీకే3 తయారే కాదన్న సంగతి సెమినార్‌లో ఒక జూనియర్ లేచి చెప్పేదాకా నాకు తట్టలేదు. కట్టే లేని చెరువుకు గండి పడలేదని సంబరపడ్డాను. హెచ్‌టీ-29 విషయంలో ఆ ఇబ్బంది లేదు. వాటిలో ఆర్‌ఐపీకే3 పుష్కలంగా ఉంటుంది.

తర్వాత ఎలుక మాక్రోఫేజ్‌లలో ఇదే చేయాలనుకుంటున్నానని రాశారు. మనిషి ఎంఎల్‌కేఎల్‌ను ఆపే నెక్రోసల్ఫోనమైడ్ 86వ సిస్టీన్‌ను పట్టుకుని పనిచేస్తుంది, ఎలుక ఎంఎల్‌కేఎల్‌లో ఆ సిస్టీన్ లేదు, కాబట్టి ఆ సీసాను ఫ్రీజర్‌లోనే ఉంచండి. దాని బదులు ఆర్‌ఐపీకే3ను నిరోధించే జీఎస్‌కే-872 వాడవచ్చు, అయితే ముందు వేర్వేరు మోతాదుల్లో పరీక్షించుకోండి: మోతాదు మించితే ఆ మందు పట్టుకున్న ఆర్‌ఐపీకే3 రూపం మారి ఆర్‌ఐపీకే1ను, కాస్పేస్-8ను తన దగ్గరికి పిలుచుకుని అపాప్టోసిస్‌ను మొదలుపెడుతుంది. అందుకని జీఎస్‌కే-872 మాత్రమే వేసిన ఒక గుంటను, దానితో పాటు జడ్‌వాడ్ కూడా వేసిన మరో గుంటను ప్రతి పళ్లెంలోనూ తప్పకుండా పెట్టుకోండి.